సఫ్తా చేతి కొలత

వీణ బ్యాగు అడుగున ముందు చలికోటు పరిచింది. దాని మడతల్లో కారప్పొడి పొట్లాలు, దాని మీద తువ్వాలు చుట్టిన చింతకాయ తొక్కు సీసా, పక్కన ఉస్మానియా బిస్కెట్ల డబ్బా, అన్నిటి పైన నా తెలుగు బైబిలు. బైబిలు నేనే ఇచ్చాను, ఇచ్చిన దగ్గర్నుంచి ఎందుకిచ్చానా అని దానివైపే చూస్తున్నాను. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఒకటి పెడుతుంది, ఒకటి తీస్తుంది, తీసిందే మళ్ళీ పెడుతుంది, మధ్యమధ్య బ్యాగును ఒంటిచేత్తో లేపి బరువు చూస్తుంది. నేను మంచం మీద పడుకుని ఉన్నాను. ఒంట్లో బాగాలేక కాదు. కాసేపట్లో క్లాసు మొదలవుతుంది, క్లాసులో రోగిని నేనే. హైదరాబాద్ పాతబస్తీ గౌలిపురాలో మా ఇంటి ముందు గదిలో, ఈ ఇనుప మంచం చుట్టూ, నా కోడలు హీబ్రూ నేర్పుతుంది. ఇజ్రాయెల్ పోయి అక్కడి ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే పనిలో చేరాలనుకునేవాళ్ళు వస్తారు. పుస్తకం పెట్టుకుని నేర్చుకుంటే మాటలు పుస్తకంలోనే ఉండిపోతాయని వీణ అంటుంది. అందుకని నన్ను పడుకోబెట్టి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పిస్తూ, నాకు నీళ్ళు తాగిస్తూ, నా దిండు సర్దిస్తూ వాళ్ళకు మాటలు చెబుతుంది. సఫ్తా అంటే ఆ భాషలో అమ్మమ్మ, నాయనమ్మ, రెండూను. క్లాసులో అందరూ నన్ను సఫ్తా అనే పిలుస్తారు, నా పేరు వరమ్మ అని వాళ్ళలో సగం మందికి తెలియనే తెలియదు. పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక వీణను విమానాశ్రయానికి తీసుకుపోయే కారు వస్తుంది. ఎండ ఇంకా మా గడప మీదే ఉంది. అది గడప దిగేలోపల నేను ఒక మాట అనాలి.

గాజులు ఇంకా బ్యాగులోకి పోలేదు. కిటికీలో కాగితం చుట్టి పెట్టింది. నిన్న లాడ్ బజార్ పోయి ఎక్కడెక్కడ తిరిగిందో, చీకటి పడే వేళకు వచ్చి, చెప్పులైనా విప్పకుండా నా పక్కన కూర్చుంది. "అత్తమ్మా, జర చెయ్యి ఇటియ్యి" అంది. ఎందుకే అన్నాను. "కొలతకు. ఆమె చెయ్యి గూడ నీ చెయ్యి లెక్కనే ఉంటది, గిట్లనే సన్నగ, నరాలు పైకి తేలి." మా ఆయన శివయ్య పోయిన నాటి నుంచి నా చేతులకు గాజులు లేవు. ఇప్పుడు నా వేళ్ళు దగ్గరికి నొక్కి, సబ్బు నీళ్ళు రాసి, ఆకుపచ్చవి, మధ్యలో బంగారు గీత ఉన్నవి, నొప్పి తెలియకుండా ఒక్కొక్కటే ఎక్కించింది. ఎంత నేర్పు ఆ చేతుల్లో. చెయ్యి ఎత్తి చూసుకున్నాను, అవి కిందికి జారి గలగలమన్నాయి, ఎవరి చెయ్యో అనిపించింది, అది నా చెయ్యే. "సరిపొయినయ్, సరిగ్గ సరిపొయినయ్" అని వీణ చిన్నపిల్లలా సంబరపడి, అంతే నేర్పుగా అన్నీ తీసేసి, తుడిచి, కాగితంలో చుట్టింది. నా చెయ్యి కొలత మాత్రమే. గాజులు ఆమెవి.

ఆమె అంటే ఇజ్రాయెల్‌లో హైఫా అనే ఊళ్ళో ఉండే ముసలమ్మ. నేను ఎన్నడూ చూడలేదు, చూడకపోవడమేమిటి, ఫోనులో ఎన్నిసార్లు చూశానో, తెల్లగా, పిట్టలాగా, మెడకు ముత్యాల దండ. వీణ పెళ్ళయిన కొన్నేళ్ళకే, మా అబ్బాయి ప్రేమ్‌రాజ్ ఆటో అప్పుల్లో మునిగినప్పుడు అక్కడికి పోయి, ఆమె దగ్గర ఉండిపోయింది. ఆమెకు స్నానం చేయించింది, జుట్టు దువ్వింది, రాత్రిళ్ళు పక్కన పడుకుంది. నాకు మోకాలు పట్టేసి గోడ పట్టుకుని నడిచిన రోజుల్లో వీణ అక్కడ ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ ఉంది. వీణ రాసే నూనె సంగతి వీణే చెప్పేది ఫోనులో, అత్తమ్మా నువ్వు గూడ రాసుకో, గుండ్రంగ తిప్పుకుంట రాయాలె అని. గుండ్రంగా తిప్పుతూ నా మోకాలికి నేనే రాసుకున్నాను. ప్రేమ్‌రాజ్ కామెర్లతో పోయినప్పుడు వీణ కాగితాలు అక్కడేదో ఆఫీసులో ఇరుక్కుపోయి రాలేకపోయింది. సమాధుల తోటలో ఎవరో పిల్లవాడు ఫోను ఎత్తి పట్టుకుంటే అందులోంచి చూసింది భర్తను. నేను కొడుకును చూడాలి గదా, పెట్టె మూసేస్తున్నారు గదా, నేను ఫోనును చూశాను. వీణ ఏడుస్తోంది, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె భుజం మీద నిలిచింది. నరాలు తేలిన తెల్లటి సన్నని చెయ్యి. ఆ చెయ్యి నా కోడలి భుజం మీద ఉంది. నా భుజం మీద ఎవరి చెయ్యీ లేదు. ఈ గాజులు ఆ చేతికే.

తర్వాత కరోనా అయ్యాక వీణ వచ్చేసింది, ఇక పోనంది, ఈ క్లాసు పెట్టింది, నేను బతికాననుకున్నాను. మొన్న ఎండాకాలంలో ఆ ముసలమ్మ కొడుకు ఫోను చేశాడు. అమ్మ ఎవరి చేత్తో పెట్టినా తినడం లేదట, కొత్తగా వచ్చిన మనిషిని గిల్లుతోందట, వీణా వీణా అంటోందట. మళ్ళీ రప్పించడానికి ప్రత్యేకంగా అనుమతి తెచ్చాడట, అట్లా దొరకడం చాలా అరుదట. తర్వాత ముసలమ్మే ఫోను లాక్కుంది. బోయీ, వీణా, బోయీ, అంది. రా అని అర్థం. నాకు ఎవరూ చెప్పలేదు, మంచం మీద పడుకుని రెండేళ్ళు విన్నదాన్ని, నాకు తెలియదా. వీణ ఫోను పెట్టేసి వంటింట్లోకి పోయి చాలాసేపు బియ్యం కడిగింది. అప్పుడు వచ్చి నాతో అంది, "నువ్వు ఒద్దంటే పోను అత్తమ్మా. నిజం చెప్తున్న. ఒక్క మాట ఒద్దను, గంతే." నేను పత్రిక చదువుకుంటున్నట్టే ఉండి, "నేనెందుకంట? నీ ఇష్టం" అన్నాను. టికెట్ వచ్చిన రోజు మళ్ళీ అడిగింది. నిన్న గాజులు తీశాక మళ్ళీ అడిగింది, "ఇప్పుడన్నా చెప్పు, వాపస్ చేస్త." నీ ఇష్టం అన్నాను. ఒద్దు అనే మాట నోటి చివర ఉంది, అదేం పెద్ద మాట, పిల్లలు కూడా అంటారు. కానీ ఆ మాట అంటే నేనూ ఆమెలాగా అడిగినట్టే గదా. ఆమె ఫోను లాక్కుని అడిగింది, నేను చెయ్యి పట్టుకుని అడగాలి, ఇద్దరు ముసలివాళ్ళం ఒక పిల్ల కోసం పోటీపడాలి, మా ఇద్దరిలో వీణ ఎవరో ఒకరి వైపు మొగ్గాలి. ఆమె వైపు మొగ్గితే? అడగకపోతే కనీసం నేను ఓడిపోలేదని ఉంటుంది.

"షలోమ్ సఫ్తా!" అని హీబ్రూలో నమస్కారం పెడుతూ మనీష్ వచ్చాడు, శాలిబండ నుంచి నడిచి వచ్చాడు, వెనకే స్రవ్య. "ఇయ్యాల జర హల్కగ ఉండు సఫ్తా, మొన్న నిన్ను తిప్పితె నా నడుం పట్టింది." నేను ఊరుకోలేదు, "నీ నడుం పట్టలేదురా, మిర్చి బజ్జీలు పట్టినయ్, వాసన ఇక్కడిదాంక వస్తుంది" అన్నాను. వాడు నవ్వాడు, వీణ నవ్వింది, స్రవ్య నవ్వలేదు. స్రవ్యది నల్లగొండ వైపు, ఇక్కడ మొఘల్‌పురాలో పిన్నమ్మ ఇంట్లో ఉంటుంది. ఆ పిల్ల గడప దగ్గరే చెప్పులతో నిలబడి, బ్యాగును చూసి, ముక్కు ఎర్రగా చేసుకుని, "మేడం, నేను క్లాసు ఇడుస్త. ఊరికి పోత" అంది.

ఏమైంది అంటే నిన్న అక్కడికి పనికి పంపే ఏజెన్సీ వాళ్ళు ఫోనులో పరీక్ష పెట్టారు. "ఆ సార్ ఏందో అడిగిండు మేడం. నేను షలోమ్ అన్న. మళ్ళ ఏందో అడిగిండు. మళ్ళ షలోమ్ అన్న. గట్లనే షలోమ్ షలోమ్ అనుకుంట కూసున్న. ఆయనకే బేజారొచ్చి పెట్టేసిండు." మనీష్ పకపకా నవ్వబోయి వీణ చూపు చూసి దగ్గాడు. వీణ బ్యాగు వదిలేసి లేచింది. అదుగో, ఇప్పుడు ఆ ముఖం వస్తుంది. నాకు ఆ ముఖం తెలుసు, ఎవరన్నా నాకు రాదు అన్నప్పుడల్లా దీపం ఒత్తి పైకి లాగినట్టు వెలిగే ముఖం. హైఫాలో, ఇంకా ఎక్కడెక్కడో ఉన్న పాత పిల్లలు ఫోను చేసి, అక్కా మాకు వాళ్ళ మాట తలకెక్కుతలేదు, వచ్చేస్తం అని ఏడ్చినప్పుడు కూడా, చేతిలో గరిటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడే ఆ ముఖం పెడుతుంది, అవతలివాళ్ళకు కనబడకపోయినా. "వస్తది" అంటుంది. అంతే. వస్తది.

"వస్తది స్రవ్యా. షలోమ్ అన్నవ్ గదా, నేను పొయ్యిన కొత్తల గది గూడ అనలే. ఆర్నెల్లు ఎవ్వరితోటి మాట్లాడలే, తెలుసా? ఆ ఇంట్ల ఒక కుక్కుండె. నేను దానితోటే మాట్లాడిన. మాయిమ్ అంటె నీళ్ళకాడికి పోయేది. నాకంటె దానికే భాష ఎక్కువ వచ్చు. నేను తప్పంటె కదలకపొయ్యేది, ఒప్పంటె తోక ఊపేది. కుక్క నేర్పంగ నేర్చుకున్న నేను. నీకు మనిషి నేర్పుతుంది గదా."

మనీష్ తోక ఊపినట్టు చెయ్యి ఊపాడు. స్రవ్య ముక్కు తుడుచుకుంటూ కొంచెం నవ్వింది. "గొంతుల నుంచి వచ్చే ఆ ఖ నాకు రాదు మేడం," అంది. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది కష్టం కాదు, ఉర్దూ బోర్డుల మధ్య, ఉర్దూ తిట్ల మధ్య పెరుగుతారు గనుక. నల్లగొండ పిల్లకు రాదు. వీణ ఆ పిల్లను కిందటి నెల ఖర్బూజా బండి దగ్గర నిలబెట్టి, అమ్మేవాడు ఎట్లా అరుస్తున్నాడో విని రమ్మంది. అది గంట నిలబడి మూడు ఖర్బూజాలు కొనుక్కొచ్చింది గానీ ఆ ఖ మాత్రం తేలేదు. వీణ విసుక్కుందా? పండు కోసి అందరికీ పెట్టి, "పండు తెచ్చినవ్, మాట గూడ తెస్తవ్" అంది.

ఆ మాట నా కోసం ఎవరన్నారు? నేను పళ్ళెం పట్టుకుని పక్కకు తిరిగాను, గింజలు గొంతులో పడ్డాయి. నేను చదువు నేర్చుకున్నప్పుడు ఈ ఇంట్లోనే, ఈ మూలలోనే, నా ముందు ఎవరు కూర్చున్నారు? చర్చిలో పాడే కీర్తనలు నాకు నోటికి వచ్చు, పుస్తకంలో అవే ఉంటాయని తెలుసు. అందరూ పాడుతుంటే నేను కీర్తనల పుస్తకం తెరిచి, నోటి మాట వెంట వేలు జరుపుతూ, ఈ మాట ఇదే అయి ఉంటుంది అనుకునేదాన్ని, ఒక్కొక్కసారి పాట అయిపోయేది, నా వేలు రెండో వరుసలోనే ఉండేది. బస్సు బోర్డులు చదివాను. అటుకులు కట్టిన కాగితాలు నీళ్ళతో సాపు చేసి చదివాను. శివయ్య చూసి, ఏందే నువ్వు తహసీల్దారువైతవా అని నవ్వాడు, మంచివాడే, కొట్టలేదు, తిట్టలేదు, నవ్వాడు. మొదటి కథ మొత్తంగా చదివిన రోజు నాకు చెప్పుకోవడానికి ఎవరూ లేరు, గేదెల పాలు పితికే పక్కింటావిడతో చెబితే, అయితే ఏమంట అందావిడ. వస్తది అని ఒక్కరంటే, ఒక్కసారి అంటే, నేను ఎక్కడిదాకా పోయేదాన్నో. ఈ పిల్లలకు రోజూ అంటుంది. తప్పు చేస్తే ఇంకా ఎక్కువ అంటుంది. కుక్క నేర్పిందని నవ్విస్తుంది. ఒక్కోసారి, దేవుడు వింటే వినుగాక, వీళ్ళకు రాకపోతే బాగుండు అనుకుంటూ పడుకుంటాను, వీళ్ళు నన్ను అటూ ఇటూ తిప్పుతూ మాటలు మరిచిపోతుంటే నాకు లోపల చల్లగా ఉంటుంది. వాళ్ళు మరిచిన మాట నా నాలుక మీద ఉంటుంది, నేను చెప్పను. రోగి ఎందుకు చెబుతుంది?

ఎండ గడప దిగుతోంది. వీణ కుడి జబ్బకు ఆకుపచ్చ గుడ్డలో నాణెం కట్టిన ఇమాం జామిన్ తాయెత్తు ఉంది, ఎదురింటి ముస్లిం పెద్దావిడ, మేం ఖాలా అంటాం, పొద్దున్నే వచ్చి దువా చదివి కట్టింది. ప్రయాణం పోయేవాళ్ళకు ఇక్కడ అందరూ కడతారు, క్షేమంగా చేరాక ఆ నాణెం ఎవరైనా బీదవాళ్ళకు ఇవ్వాలి. ఆ ఖాలా మీద కూడా నాకు కోపం వచ్చింది. ఆవిడ కట్టింది గదా, పో అన్నట్టే గదా. నేనేం కట్టాను? వీణ వాళ్ళిద్దరినీ మంచం పక్కకు పిలిచింది. ఆమె చేతులు తడిగా ఉన్నాయి, చింతకాయ తొక్కు వాసన వస్తోంది. "ఆఖరి క్లాసు. ఇయ్యాల సెలవు దినం పాఠం" అంది.

ఆ పాఠం నాకు తెలుసు, ప్రతి బ్యాచికీ చివర చెబుతుంది. వారానికి ఒక రోజు పనివాళ్ళకు సెలవు ఉంటుంది. ఆ రోజు వీళ్ళు చెప్పులు వేసుకుంటుంటే మంచంలోని ముసలివాళ్ళకు ఇక ఎవరూ రారేమోనని భయం పుడుతుంది, ఏడుస్తారు, కొంగు పట్టుకుంటారు. అప్పుడు వాదించొద్దు, అబద్ధాలు చెప్పొద్దు, మణికట్టు పట్టుకుని, కళ్ళలోకి చూసి, అనీ ఖోజెరెత్ అనాలి. తిరిగి వస్తాను అని. అని లేచిపోవాలి, నిలబడొద్దు. ఎప్పుడూ రోగి మాట కూడా వీణే చెబుతుంది, నేను ఊరికే పడుకుంటాను. "స్రవ్యా, నువ్వు కూసో. సఫ్తా చెయ్యి పట్టుకో. గట్ల గాదు, పోలీసోళ్ళు పట్టినట్టు గాదు, నాడి చూసినట్టు. ఆ. ఇప్పుడు సఫ్తా ఏమంటది?" స్రవ్య నా మణికట్టు పట్టుకుంది. నాకు ఆ చెయ్యి వద్దు. నేను తల తిప్పి వీణను చూశాను, ఆమె మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది, రోగి మాట చెప్పడానికి నోరు తెరుస్తోంది, వెనక కిటికీలో కాగితం పొట్లం, కింద మూత వెయ్యని బ్యాగు, నా బైబిలు అట్ట కనబడుతోంది.

"అల్ తెల్ఖి," అన్నాను.

పోవద్దు అని. నేనే అన్నాను. గొంతులోంచి, ఖ దగ్గర గీరుకుంటూ వచ్చింది. నా మాట అని నాకే నమ్మకం కలగలేదు. తెలుగులో మూడు నెలలు రాని మాట. ఇంకోసారి అన్నాను, "వీణా, అల్ తెల్ఖి."

బయట షేర్ ఆటో హారను మోగింది. తర్వాత మనీష్ చప్పట్లు కొట్టాడు. "అరె సఫ్తా! మస్తు చెప్పినవ్! చూసిన్రా మేడం, పేరు గూడ పెట్టి మరీ చెప్పింది, యాక్టింగ్ జూడు!" స్రవ్య నా చెయ్యి వదలకుండా నోరు తెరుచుకుని చూస్తోంది. "ఎవరు నేర్పిన్రు అమ్మమ్మా నీకు?" అంది. నేను వీణ ముఖం చూస్తున్నాను. ఏదో వచ్చింది ఆ ముఖంలోకి. వచ్చి నిలబడింది. ఒక్క అడుగు వేసింది నా వైపు, నాకు తెలుసు, ఇంకొక్క అడుగు వేసి ఉంటే, అత్తమ్మా అని తెలుగులో ఒక్కసారి అడిగి ఉంటే. కానీ స్రవ్య అప్పుడే అంది, నా మణికట్టు పట్టుకునే, గొంతు లోపల ఎక్కడో గీరుకుంటూ, "అనీ... ఖో... ఖోజెరెత్." వచ్చింది. ఆ పిల్లకు ఆ ఖ వచ్చింది. దానికే భయమేసి, మళ్ళీ అంది, "అనీ ఖోజెరెత్ సఫ్తా!" ఏడుస్తూ నవ్వుతోంది. వీణ ముఖం వెలిగిపోయింది, ఆ దీపం ముఖం. నాకు కనబడిందేదో ఆ వెలుగులో మాయమైంది. "వచ్చింది! జూసినవా, వచ్చింది!" అని వీణ వచ్చి కౌగిలించుకుంది, నన్ను కాదు, స్రవ్యను. "మా అత్తమ్మకు డెబ్బై దాటినయ్, ఒక్క రోజు పుస్తకం పట్టలే, పండుకునే నేర్చుకుంది. అత్తమ్మకు వచ్చింది, నీకు రాదా? ఇగ రాదు అన్నవంటె జూడు." తర్వాత నా వైపు వంగింది, నా నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి తోసింది, "ఎంత మంచిగ చెప్పినవ్ అత్తమ్మా. నువ్వు నా బెస్ట్ స్టూడెంట్‌వి" అంది.

నా జీవితంలో మొదటిసారి ఒక టీచరు నన్ను మెచ్చుకుంది. సంతోషం వేసింది, అదే నన్ను దెబ్బతీసింది. వెచ్చగా, సిగ్గులేకుండా, చిన్నపిల్లలా సంతోషం వేసింది. ఆ సంతోషంలో ఉండగానే వీణ లేచి, కిటికీలోంచి గాజుల పొట్లం తీసి, చలికోటు మడతలో పెట్టి, బ్యాగు జిప్పు లాగింది. అది పాఠం కాదే, నేను నిజంగానే అన్నాను అని తెలుగులో చెప్పాలి. నోరు తెరిచాను. పెద్ద మసీదు నుంచి అజాన్ మొదలైంది, దాని వెనకే చిన్న మసీదుది, దాని వెనక ఇంకొకటి, అవన్నీ అయ్యేదాకా మా ఇంట్లో ఎవరం మాట్లాడం, అది మాకు అలవాటు. అయ్యేసరికి సందు మొగన కారు హారను కొట్టింది. మనీష్ బ్యాగు ఎత్తుకున్నాడు. "సఫ్తా కంటె ఇదే హల్కగ ఉంది" అన్నాడు.

వీణ మంచం పక్కన కూర్చుంది. నా మణికట్టు పట్టుకుంది, నాడి చూసినట్టు, తను నేర్పినట్టే. నా కళ్ళలోకి చూసింది. నేను ఇంకా మంచం మీదే ఉన్నాను, లేవలేదు, రోగిలాగానే ఉన్నాను. అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు.

"అనీ ఖోజెరెత్," అంది.

లేచిపోయింది, నిలబడలేదు. స్రవ్య గడపలో నిలబడి కారు మలుపు తిరిగేదాకా ఆ మాటే అనుకుంటూ ఉంది, పోతే మళ్ళీ రాదేమోనని.

స్రవ్య ఇప్పుడు ఇజ్రాయెల్‌లోనే పని చేస్తోంది, బాగా మాట్లాడుతుందట. హైఫాలో సఫ్తా ఇంకా ఉంది. నేనూ ఉన్నాను. వీణ తిరిగి రాలేదు. 2024 మార్చిలో, మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం, ఆ ముసలమ్మ ఇంట్లోనే నిద్రలో గుండె ఆగి చనిపోయింది.